ఆర్మ్ బోర్డుకు మార్చాక డ్రైవరులో ఒక చానల్ ఆగిపోతోంది: రిజిస్టర్లకు రాసే తీరులో తప్పుందా?

గాజువాక సర్క్యూట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖలో ఆటోనగర్ దగ్గర ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. రొయ్యల కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా కంప్రెసర్ల అదురును కొలిచే పరికరం తయారుచేస్తాం. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు, నాలుగు చానళ్లు, లోపల ఎఫ్‌పీజీఏ (మనకు కావలసినట్టు అమర్చుకునే చిప్పు). లినక్స్ డ్రైవరు ఆరేళ్ల క్రితం నాకంటే ముందున్నవారు రాశారు. ఇప్పుడు దాని బాధ్యత నాది.

ఫిషింగ్ హార్బరు పక్కనున్న ఒక స్టోరేజీలో ఉప్పు గాలికి పాత పీసీ కనెక్టర్లు పచ్చబడిపోయాయి. ఫ్యాను లేని ఆర్మ్ బోర్డును గాలి చొరబడని పెట్టెలో పెట్టి, అదే కార్డును దానికి తగిలించాం. అప్పటి నుంచి రెండు ఇబ్బందులు. ఒకటి, అప్పుడప్పుడు కార్డు కొత్త బఫరును వదిలి, అంతకుముందు ఇచ్చిన చిరునామాలోనే డేటా నింపుతోంది. రెండోది, వారంలో ఒకటి రెండుసార్లు మూడో చానల్ మూగబోతుంది. డ్రైవరును తీసి మళ్లీ ఎక్కిస్తే తప్ప కదలదు.

కార్డు రిజిస్టర్లను (కార్డును నడిపే, దాని స్థితిని చూపే చిన్న గళ్లను) ఐఓరీమ్యాప్ చేసి, అంటే ప్రాసెసరు అందుకోగల చిరునామాకు జోడించి, వచ్చిన చిరునామాను వోలటైల్ స్ట్రక్చర్ పాయింటరుగా మార్చి, మామూలు వేరియబుల్స్ లాగే వాడారు. పేర్లు తెలుగులో రాస్తున్నాను. కార్డుకు పని అప్పజెప్పే చోట ఇలా ఉంది (డిస్క్రిప్టర్ అంటే బఫరు ఎక్కడుందో, ఎంతుందో చెప్పే చీటీ; డోర్‌బెల్ అంటే పని మొదలుపెట్టమని కార్డుకు చెప్పే రిజిస్టరు):

డిస్క్రిప్టర్->చిరునామా = బఫర్;
డిస్క్రిప్టర్->పొడవు = సైజు;
రిజి->డోర్‌బెల్ = 1;

ఇంటరప్టు రొటీన్‌లో (కార్డు పిలిచినప్పుడు నడిచే కోడులో) ఏ చానల్ పూర్తయిందో చూపే స్టేటస్ రిజిస్టరును చదివి, వెలిగి ఉన్న బిట్లలో అన్నిటికంటే చిన్న చానల్‌ను తీసుకుని, దాని డేటాను పైకి పంపి, చివర ఇలా చెరుపుతున్నారు:

రిజి->స్టేటస్ |= (1 << చానల్);

మిగతా చానళ్ల కోసం ఇంటరప్టు మళ్లీ వస్తుందని వారి ఆలోచన. ఇంటరప్టు లైను పాత పద్ధతిది, ఎమ్ఎస్ఐ (సందేశంగా వచ్చే ఇంటరప్టు) కాదు.

డోర్‌బెల్‌కు ముందు ఒక మిల్లీసెకను ఆలస్యం పెట్టి చూశాను. మొదటి ఇబ్బంది దాదాపు పోయింది. కానీ ఆ లైనును అలా ఉంచడానికి నాకు మనసొప్పడం లేదు. కంప్రెసరు బేరింగు అరిగితే ముందుగా తెలిసేది ఈ కొలతలోనే. ఆ గదిలో రాత్రి షిఫ్టులో మనుషులుంటారు, పైపుల్లో అమ్మోనియా ఉంటుంది. ఎందుకు ఆగిందో తెలియకుండా, ఇక ఆగదని వారికి నేను చెప్పలేను.

యారాడ కొండ

మీవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకే మందు వేయకండి.

మొదటిది చెబుతాను. ఎక్స్86 ప్రాసెసరు ఈ రాతలను మీరు రాసిన వరుసలోనే బయటికి పంపుతుంది. ఆరేళ్లు ఈ కోడు నడిచింది అందువల్లే. ఆర్మ్‌లో ఆ హామీ లేదు. ఒకే డివైస్‌కు రాసినవి తమలో తాము వరుస తప్పవు గానీ, డిస్క్రిప్టర్ ఉన్నది మామూలు మెమరీలో, డోర్‌బెల్ ఉన్నది డివైస్‌లో. ఈ రెంటి మధ్య వరుస కావాలని మీ కోడు ఎక్కడా అడగలేదు. డోర్‌బెల్ ముందు చేరితే కార్డు పాత డిస్క్రిప్టర్‌నే చదువుకుంటుంది, పాత చిరునామాలోనే నింపుతుంది. వోలటైల్ అనేది కంపైలరుకు చెప్పే మాట. అది ప్రాసెసరు చెవిన పడదు.

డోర్‌బెల్‌ను రైట్‌ఎల్‌తో రాయండి. డివైస్‌కు రాయడానికి కెర్నెలు ఇచ్చే ఫంక్షన్ అది, చదవడానికి ఇచ్చేది రీడ్‌ఎల్. ఆర్మ్‌లో దాని లోపల, రాతకు ముందు ఒక బ్యారియర్ (వరుస తప్పనివ్వని అడ్డు) ఉంటుంది. రీడ్‌ఎల్‌లో చదివిన తర్వాత ఉంటుంది. అందుకే స్టేటస్ చూశాక చదివే బఫరులో పాత డేటా కనిపించదు. పేరు చివర రిలాక్స్‌డ్ అని ఉన్న రూపాల్లో ఈ బ్యారియర్లు ఉండవు. వేగం కోసమని ఇప్పుడే వాటి జోలికి వెళ్లకండి. ఆ స్ట్రక్చరుకు ప్యాక్డ్ (మధ్యలో ఖాళీలు వదలొద్దు) అని తగిలించి ఉంటే అది కూడా ప్రమాదమే. కొన్ని ప్రాసెసర్ల మీద కంపైలరు ఒక 32 బిట్ల రాతను నాలుగు బైట్లుగా విడగొట్టగలదు, కార్డు దాన్ని నాలుగు వేర్వేరు రాతలుగా చూస్తుంది.

ఇక మూడో చానల్. మీరు రాసిన చివరి లైను దగ్గర నేను చాలాసేపు ఆగాను. కార్డు మాన్యువల్‌లో స్టేటస్ రిజిస్టరు పక్కన డబ్ల్యూ1సీ అని ఉందేమో చూడండి. అంటే, ఏ బిట్టులో 1 రాస్తే ఆ బిట్టు చెరిగిపోతుంది, 0 రాస్తే ఏమీ కాదు. అదే నిజమైతే మీ లైను చేస్తున్న పని ఇది. 0, 2 చానళ్లు (బిట్లను 0 నుంచి లెక్కపెడతాం, అంటే మీ ఒకటోది, మూడోది) రెండూ పూర్తయ్యాయి అనుకోండి. స్టేటస్ 0101. మీరు చెరపాలనుకున్నది 0001. సమానం గుర్తుకు ముందు ఆ నిలువు గీత ఉంది కనుక ప్రాసెసరు మొదట రిజిస్టరును చదువుతుంది, 0101 వస్తుంది. దానికి 0001 కలిపితే మళ్లీ 0101. అదే తిరిగి రాస్తుంది. రెండు బిట్లూ చెరిగిపోయాయి, ఇంటరప్టు లైను దిగిపోయింది. 2వ చానల్ బఫరును ఎవరూ తీసుకోలేదు, దానికి కొత్త బఫరు ఎవరూ ఇవ్వలేదు. అది ఎదురుచూస్తూ ఉండిపోయింది.

సింహాచలంలో చెప్పుల స్టాండు దగ్గర ఇంటిల్లిపాది టోకెన్లూ మీ చేతిలో ఉన్నాయనుకోండి. మీ ఒక్క జత కోసం టోకెన్లన్నీ ఇచ్చేసి, మీ చెప్పులు మాత్రం వేసుకుని వచ్చేశారు. మిగతావారి చెప్పులు బయట పడి ఉన్నాయి, వాళ్ల దగ్గర టోకెన్లు లేవు. ఈ లైను చేసేది అదే.

నిలువు గీత తీసేసి, ఆ ఒక్క బిట్టు విలువను మాత్రమే రైట్‌ఎల్‌తో రాయండి. చదవడం అవసరమే లేదు.

ఒక అనుమానం. ఇది ఆర్మ్‌తో వచ్చే తప్పు కాదు, ఎక్స్86 మీద కూడా జరిగి తీరాలి. పాత పీసీ ఉన్నప్పుడు మూడో చానల్ నిజంగా ఎప్పుడూ ఆగలేదా?

లాసన్స్‌బే

పైవారు చెప్పినదానికి ఒక చేర్పు. పీసీఐలో రాత పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరం లాంటిది. వేసి మీరు ఇంటికి వచ్చేస్తారు, అది ఇంకా దారిలోనే ఉంటుంది. మీది పాత పద్ధతి లైను కనుక, చెరిపే రాత కార్డుకు చేరకముందే రొటీన్ ముగిస్తే అదే ఇంటరప్టు మళ్లీ తలుపు తడుతుంది, లోపల చూస్తే ఎవరూ ఉండరు. ఇలా లక్షలో 99,900 దాటి ఎవరూ అందుకోనివి వస్తే కెర్నెలు ఆ లైనునే మూసేస్తుంది. చెరిపిన వెంటనే అదే కార్డులో ఏదో ఒక రిజిస్టరును చదవండి. చదువు తనకంటే ముందు వెళ్లిన రాతలను దాటిపోదు, కాబట్టి జవాబు వచ్చిందంటే రాత చేరినట్టే. అయితే చదివితేనే చెరిగిపోయే రిజిస్టర్లు కూడా కొన్ని కార్డుల్లో ఉంటాయి. వెర్షన్ నంబరు ఉన్న రిజిస్టరును చదవడం క్షేమం.

మిగిలిన చోట్లు వెతకడానికి, పాయింటరుకు ఐఓమెమ్ గుర్తు (ఇది డివైస్ చిరునామా అని చెప్పేది) పెట్టి, మేక్ కమాండుకు సీ=2 ఇచ్చి స్పార్స్ నడపండి. కోడును నడపకుండానే తప్పులు వెతకడానికి 2003లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన పనిముట్టు అది. రిజిస్టరును మామూలు పాయింటరులా తాకిన ప్రతి లైనునూ చూపిస్తుంది.

గాజువాక సర్క్యూట్

యారాడ కొండ గారూ, మీ అనుమానం నిజమైంది.

మాన్యువల్ 31వ పేజీలో, పట్టిక కింద చిన్న అక్షరాల్లో డబ్ల్యూ1సీ అని ఉంది. ఆ పేజీని నేను కనీసం పదిసార్లు చూసి ఉంటాను.

నిన్న సాయంత్రం హార్బరుకు వెళ్లి కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్ గారిని అడిగాను. ఆయన బల్ల సొరుగులోంచి పాత రిజిస్టర్లు తీశారు. గళ్ల పుస్తకాలు, అంచులు తేమకు ఉబ్బి ఉన్నాయి. నీలం సిరాతో, ప్రతి వరుసకూ పొట్టి సంతకంతో: "3వ మీటరు రాలేదు. పీసీ ఆపి వేశాము. 6.20కి వచ్చింది." మళ్లీ నాలుగు రోజులకు అదే మాట. పుస్తకం వెంట పుస్తకం. 3 తప్ప మరో అంకె ఎక్కడా లేదు. పరికరం పెట్టినప్పటి నుంచి ఆయన రాస్తూనే ఉన్నారు, మా వైపు నుంచి ఒక్కరూ వచ్చి చదవలేదు. పీసీ ఆపి వేయడం కూడా పనిలో భాగమే అనుకున్నానని ఆయన అంటే నాకు చాలా బాధ కలిగింది.

ఎప్పుడూ మూడోదే ఎందుకో కూడా అక్కడే అర్థమైంది. 1, 3 కంప్రెసర్లు ఒకే మోడల్, రెండింటికీ ఒకే శాంప్లింగ్ రేటు పెట్టాం. మిగతా రెండింటి రేట్లు వేరు, బఫర్లు కూడా చిన్నవి. ఒకేసారి నిండే అవకాశం ఎక్కువగా ఉన్నది ఆ రెండింటికే. రొటీన్ చిన్న నంబరునే ముందు తీసుకుంటుంది కనుక మొదటిది బతికిపోతుంది, మూడోది మూగబోతుంది.

ఒక సందేహం. కంట్రోల్ రిజిస్టరులో చానళ్లను ఆన్, ఆఫ్ చేసే చోట కూడా ఇదే నిలువు గీత వాడారు. అది కూడా తప్పేనా?

యారాడ కొండ

అక్కడ చదివి, మార్చి, రాయడమే సరైన పద్ధతి, ఎందుకంటే ఆ బిట్లు మీరు రాసినట్టే నిలుస్తాయి. కానీ చదవడానికీ రాయడానికీ మధ్యలో ఇంటరప్టు రొటీన్ గానీ మరో కోర్ గానీ దూరి అదే రిజిస్టరును మారిస్తే, వాళ్లు రాసినది మీ పాత విలువ కింద పడి పోతుంది. స్పిన్‌లాక్ (ఒకసారికి ఒకరినే లోపలికి రానిచ్చే తాళం) పట్టుకోండి, ఇంటరప్టులు ఆపే రూపంలోదే. లాక్ లోపల రీడ్‌ఎల్, మార్పు, రైట్‌ఎల్. అంతే.

సూపర్‌వైజర్ గారి పుస్తకాల ఫొటోలు తీసి మీ ఫైలులో పెట్టుకోండి, అమ్మా. అంత శ్రద్ధగా రాసిన లాగు మన కంప్యూటర్లలో కూడా దొరకదు.

గాజువాక సర్క్యూట్

ఫొటోలు తీశాను. ఆయన అనుమతి అడిగే.

స్పార్స్ 143 హెచ్చరికలు చూపింది. మూడు రోజులు పట్టింది గానీ ఒక్కటీ వదలలేదు, స్ట్రక్చరునే తీసేసి అన్నిటికీ ఆఫ్‌సెట్లు (మొదటి చిరునామా నుంచి దూరాలు) పెట్టాను. ఒక మిల్లీసెకను ఆలస్యం తీసేశాను. చెరిపిన తర్వాత వెర్షన్ రిజిస్టరు చదువుతున్నాను.

తప్పు నిజంగా పోయిందో లేదో తేల్చడానికి బల్ల మీద నాలుగు చానళ్లకూ ఒకే రేటు, ఒకే బఫరు సైజు పెట్టి ఒకేసారి మొదలుపెట్టాను. పాత డ్రైవరు నాలుగు నిమిషాల్లోపే ఆగింది, మళ్లీ మళ్లీ చేసినా అంతే. కొత్తది 62 గంటలు నడిచింది, నేనే ఆపాను. సోమవారం హార్బరులో ఎక్కిస్తాను.

టెంపరేచర్ కార్డు డ్రైవరును కూడా తెరిచి చూశాను. అందులో అదే లైను రెండు చోట్ల ఉంది. రేపు ఉదయం మొదటి పని అది.