ట్రైలర్ హిచ్ మనమే బిగించుకోవచ్చా, షాపుకే ఇవ్వాలా?

ఖాళీట్రైలర్:
అందరికీ నమస్తే. మా ఎస్‌యూవీకి హిచ్ (ట్రైలర్ తగిలించడానికి బండి వెనక బిగించే ఇనుప చట్రం) కొన్నాను, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. క్లాస్ 3 (ఎంత బరువు తట్టుకుంటుందో చెప్పే తరగతి), రెండంగుళాల రిసీవర్ (ట్రైలర్ తగిలించే కమ్మీ దూర్చే చదరపు గొట్టం). డ్రిల్లు అక్కర్లేదు, ఛాసిస్‌కి కంపెనీ ఇచ్చిన రంధ్రాల్లోకే బోల్టులు పడతాయని కాగితంలో ఉంది. చిన్న సామాన్ల ట్రైలర్ లాగాలి, సరుకు 700 కిలోల దాకా ఉంటుంది. బ్రేక్ ప్యాడ్లు, ఆయిల్ నేనే మార్చుకుంటాను కాబట్టి పానాలు, జాకీ ఇంట్లోనే ఉన్నాయి. ఇంట్లోవాళ్లు మాత్రం షాపుకిచ్చెయ్యమని ఒకటే పోరు. వైరింగ్ కిట్ కూడా వచ్చింది, అది చూస్తేనే కాస్త టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

పదోనంబరుపానా:
ఇందులో ఆలోచించడానికి ఏముంది బ్రదర్, మీరే బిగించుకోండి. బ్రేకులు విప్పి పెట్టేవాడికి హిచ్ ఓ లెక్కా? స్టెప్నీ కింద వేలాడుతుంటే దించండి. సైలెన్సర్ గొట్టాన్ని పట్టుకున్న రబ్బర్లకు సబ్బునీళ్లు రాస్తే జారిపోతాయి, గొట్టం కాస్త కిందికి వాలుతుంది, దాని కింద ఏదైనా ఆసరా పెట్టండి. ఛాసిస్ రంధ్రాల్లో మట్టి, తుప్పు ఉంటాయి కాబట్టి తుప్పు వదిలించే నూనె కొట్టి వైర్ బ్రష్ తిప్పండి. హిచ్ ఒక్కడే ఎత్తలేనంత బరువుంటుంది, ఇంకొకరిని పిలవండి లేదా జాకీ మీద నిలబెట్టండి. బోల్టులన్నీ ముందు చేత్తో నాలుగు చుట్లు పట్టించాకే పానా తియ్యండి. ఒక్కటి ముందే గట్టిగా బిగిస్తే మిగతావి రంధ్రానికి ఎదురుగా రావు. అంతే పని.

నేనెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నా పాత బండికి షాపులోనే పెట్టించాను. తరవాత కింద దూరి చూస్తే ఒక బోల్టుకి వాషరే లేదు. వైర్లు మెలిపెట్టి పైన ఇన్సులేషన్ టేపు చుట్టారు, ఒక వర్షానికే ఇండికేటర్ పోయింది. డబ్బులిచ్చి ఆ దరిద్రం మనకెందుకు?

నిశ్శబ్దసభ్యుడు:
జాకీ ఒక్కటే నమ్ముకుని బండి కింద దూరకండి. స్టాండ్లు పెట్టండి. ఇంతకన్నా నాకేమీ తెలీదు.

గ్యారేజీనుంచి:
పైన సలహా ఇచ్చినాయన ఎంత తేలిగ్గా చెప్పేశారో. ఆ 'అంతే పని' అనే మాట విన్నవాళ్లే చివరికి మా దగ్గరికి వస్తారు. ఛాసిస్ లోపల వెల్డింగ్ చేసిన నట్టు ఉంటుంది. తుప్పు పట్టినదానిలోకి బోల్టు వంకరగా ఎక్కించి బలం ఉపయోగిస్తే రెండే జరుగుతాయి, మర పోతుంది, లేదా వెల్డింగ్ ఊడి నట్టు లోపల గిర్రున తిరుగుతుంది. రెండోది జరిగితే బోల్టు ముందుకీ పోదు వెనక్కీ రాదు. కోసి తియ్యాలి, ఛాసిస్ పక్కన కిటికీలా రంధ్రం కొయ్యాలి. అప్పుడు మీరు మిగిల్చిన డబ్బు ఎటు పోతుందో ఊహించుకోండి.

ఇంకోటి. ఆయన చెప్పినట్టు మరల్లో నూనె కొట్టి, ఆ తడి మీదే బిగిస్తే కాగితంలో ఇచ్చిన టార్క్ (ఎంత బలంతో తిప్పి బిగించాలన్న అంకె) ఇక లెక్కకు రాదు. ఆ అంకె సాధారణంగా పొడి మరకి ఇస్తారు. నూనె ఉంటే రాపిడి తగ్గుతుంది, అదే టార్క్‌కి బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది. ఇవి ఆయనకి తెలుసా?

పదోనంబరుపానా:
తెలుసు సార్. తుడిచి బిగించాలని కూడా తెలుసు. ప్రతి చిన్న సంగతీ విడమరిచి రాయలేదని నాకు తెలీదనుకుంటే ఎలా? తుప్పు వదిలించే నూనె కొట్టాక బ్రేక్ క్లీనర్‌తో కడిగి గుడ్డతో తుడుస్తాను. టార్క్ రెంచ్‌తోనే బిగిస్తాను. మామూలుగా 8.8 గ్రేడ్ ఎం12 (12 మిల్లీమీటర్ల లావు) బోల్టుకి 80 న్యూటన్ మీటర్ల దగ్గర, 10.9 గ్రేడైతే 110 దాటి ఉంటుంది. గ్రేడ్ అంటే బోల్టు బలం, ఆ అంకె బోల్టు తల మీదే ఉంటుంది. అయినా హిచ్ కాగితంలో ఏ అంకె ఉంటే అదే పాటిస్తాను. మీరు పాటిస్తారా?

గ్యారేజీనుంచి:
ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పని. చెయ్యి చెబుతుంది.

పదోనంబరుపానా:
అదిగో, దొరికారు. చెయ్యి చెబుతుందట! మాకు తడి మర, పొడి మర అని పాఠం చెప్పి, తను మాత్రం చేతి అంచనా. నేను చూసిన షాపుల్లో ఎయిర్ గన్ పెట్టి డబడబా కొట్టడమే, రెంచ్ గోడకి అలంకారం.

గ్యారేజీనుంచి:
గన్‌తో దగ్గరికి తెస్తాం, చివర రెంచ్ వేస్తాం. అర్థం చేసుకోవాలని ఉంటే అర్థమవుతుంది.

పదోనంబరుపానా:
ఇప్పుడే చెయ్యి చెబుతుందన్నారు, ఇప్పుడే రెంచ్ అంటున్నారు. ఏదో ఒకటి ఖాయం చేసుకోండి.

తీగలాగితే:
మీ ఇద్దరి బోల్టు పంచాయితీ తెగేలా లేదు గానీ, అడిగినాయనకి టెన్షన్ ఉన్నది వైరింగ్ గురించి. దాని ఊసే ఎవరూ ఎత్తలేదు.

పాత బండ్లలో పని తేలిక. అమెరికా పద్ధతి నాలుగు పిన్నుల సాకెట్ అయితే తెలుపు ఎర్త్, గోధుమరంగు టెయిల్ లైట్లు, పసుపు ఎడమ వైపు బ్రేక్, ఇండికేటర్, ఆకుపచ్చ కుడి వైపువి. తోక లైటు వైర్లకి కలిపేస్తే వెలిగేవి. కొత్త బండ్లలో అలా కుదరదు. ప్రతి బల్బుకి ఎంత కరెంట్ పోతోందో బండిలోని కంట్రోల్ యూనిట్ గమనిస్తుంటుంది. ఎల్ఈడీ లైట్లయితే మరీ తక్కువ కరెంట్. ఆ వైరుకి క్లిప్పు కొట్టి ట్రైలర్ బల్బులు కూడా తగిలిస్తే డాష్‌బోర్డు మీద ఎర్రర్ వస్తుంది, అదృష్టం బాలేకపోతే యూనిట్టే కాలిపోతుంది. దాని ధర ముందు హిచ్ ధర ఎంత!

అందుకే ట్రైలర్ లైట్లకి విడిగా మాడ్యూల్ (చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె) పెట్టాలి. దానికి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ వేసి కరెంట్ తీసుకోవాలి, లైటు వైర్ల నుంచి సంకేతం మాత్రమే తీసుకుంటుంది. ఎర్త్ వైరు పెయింట్ గీకిన లోహానికి బిగించాలి. ట్రైలర్ లైట్ల ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఆ ఎర్తే. కొన్ని బండ్లకు పైగా కోడింగ్ (బండి కంప్యూటర్లో సెట్టింగ్ మార్చడం) కూడా చెయ్యాలి. చెయ్యకపోతే ట్రైలర్ తగిలించిన సంగతి బండికి తెలీదు, రివర్స్ వేసినప్పుడల్లా వెనక సెన్సర్లు ట్రైలర్ని చూసి అరుస్తూనే ఉంటాయి. ట్రైలర్ ఊగితే అదుపు చేసే సౌకర్యం ఉన్నా అది పని చెయ్యదు.

నా మాట: ఇనుము మీరు బిగించుకోండి, కరెంట్ పని తెలిసినవాడికి ఇవ్వండి.

ఖాళీట్రైలర్:
ఇది బావుంది. చూస్తే మా బండిలో తోక లైట్లన్నీ ఎల్ఈడీలే. అయితే హిచ్ నేను పెట్టుకుని వైరింగ్‌కి గ్యారేజీకి తీసుకెళ్తాను. గ్యారేజీ అన్నగారూ, అలా తెస్తే చేస్తారు కదా?

గ్యారేజీనుంచి:
నేనైతే చెయ్యను.

ఖాళీట్రైలర్:
అదేంటండీ?

తుప్పుదాసు:
ఎక్కువ డబ్బు రాదని.

గ్యారేజీనుంచి:
డబ్బు మాటెత్తారు కాబట్టి చెబుతాను. ఓ కస్టమర్ హిచ్ సొంతంగా పెట్టుకుని వచ్చాడు, వైర్లు మాత్రం కలపమన్నాడు. కలిపి ఇచ్చాను. బిల్లులో వైరింగ్ అనే రాశాను. కొన్నాళ్లకి హిచ్ వదులై టకటకమంటోందని వచ్చి, 'మీ దగ్గరే కదా చేయించింది' అని పదిమందిలో అరిచాడు. నేను ముట్టుకోని బోల్టుకి నేను జవాబుదారీ. అప్పటినుంచి సగం పనులు పట్టుకోవడం మానేశాను. మొత్తం నా చేతికిస్తే మొత్తానికి నాది పూచీ. లేదా మొత్తం మీరే చేసుకోండి, నన్ను లాగకండి. మీరంతా మమ్మల్ని దొంగలంటారు, మళ్లీ చేతకాని ముక్క దగ్గరికొచ్చేసరికి మా గుమ్మంలోనే నిలబడతారు.

పదోనంబరుపానా:
పూచీ అట పూచీ! వాషర్ లేదని నేను ఆ షాపుకి వెళ్తే ఏమన్నారో తెలుసా? 'మీరు ఎక్కువ బరువు లాగుంటారు' అన్నారు. బరువు లాగితే వాషర్ మాయమవుతుందా అండీ? బిల్లు చూపించినా అదే మాట. ఆ కాగితం వల్ల నాకు ఒరిగిందేంటి? మీరు చెబుతున్న పూచీ మీ మనసులో ఉండొచ్చు, కస్టమర్ చేతికి రాదు. నేను బిగించినదైతే ఏ బోల్టు ఎలా ఉందో నాకు తెలుసు, కొంతదూరం లాగాక మళ్లీ రెంచ్ వేసి చూస్తాను. మీ షాపులో ఎవరైనా మళ్లీ పిలిచి చూస్తారా?

గ్యారేజీనుంచి:
రమ్మని బిల్లు మీదే రాస్తాను. రారు. ఎందుకు రారో మీరే చెప్పాలి. ఎవరో వెధవ షాపువాడు చేసినదానికి నన్ను బోనెక్కిస్తున్నారు.

పదోనంబరుపానా:
ఎవడో కస్టమర్ అరిచినదానికి మీరు ఈయన పని చెయ్యనంటున్నారుగా, అదేంటి మరి?

మీవెనకబండి:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగుతారా. ఒకాయన డబ్బు తిరిగి రాలేదని, ఒకాయన మాట పడ్డానని. ఆ ట్రైలర్ వెనక వచ్చేది నాలాంటి వాళ్లం. మా ముందు పోతున్న ట్రైలర్ ఓసారి హిచ్ బంతి (ట్రైలర్ కూర్చునే ఇనుప గుండు) మీంచి లేచి ఊడిపోయింది. బండికీ ట్రైలర్‌కీ మధ్య గొలుసులు కట్టి ఉన్నాయి కాబట్టి రోడ్డు పక్కకి ఈడ్చుకుంటూ పోయి ఆగింది. అవి లేకపోతే నేను ఇక్కడ రాసేదాన్ని కాదు. అందుకే లైసెన్స్ ఉన్నవాళ్లు తప్ప ఎవరూ హిచ్ ముట్టుకోకూడదంటాను.

పదోనంబరుపానా:
అమ్మా, మీకు అలా జరగడం బాధాకరమే. కానీ బంతి మీంచి లేచిందంటే కప్లర్ (బంతిని పట్టుకునే ట్రైలర్ మూతి) సరిగ్గా పడలేదు, లేదా బంతి సైజు తేడా. అది ట్రైలర్ తగిలించిన వాడి తప్పు, హిచ్ బిగించిన వాడిది కాదు. ప్రపంచంలోకెల్లా గొప్ప మెకానిక్ బిగించినా, రెండంగుళాల కప్లర్ని 1 7/8 అంగుళాల బంతి మీద పెడితే పైకి బాగానే కూర్చున్నట్టుంటుంది, గతుకు రాగానే లేస్తుంది.

మీవెనకబండి:
ఎవరి తప్పైతే నాకేంటండీ? నాకు కావలసింది ఆ బరువుకి ఎవరో ఒకరు జవాబు చెప్పడం. మీరిద్దరూ ఇందాకటి నుంచి చేస్తున్నది 'నాది కాదు' అనడమే.

గ్యారేజీనుంచి:
నేను 'మొత్తం ఇస్తే నాది' అన్నాను. మళ్లీ చదవండి.

తీగలాగితే:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఖాళీట్రైలర్ గారూ, బరువు అన్నాక గుర్తొచ్చింది. 700 కిలోలు సరుకు ఒక్కటేనా, ట్రైలర్ సొంత బరువు కూడా కలిపా? ట్రైలర్‌కి బ్రేకులున్నాయా?

ఖాళీట్రైలర్:
సరుకే 700. ట్రైలర్ ఇంకో 250 ఉంటుంది. బ్రేకుల్లేవు. కానీ హిచ్ క్లాస్ 3 కదా, 3,600 కిలోల దాకా లాగొచ్చని రాసి ఉందే?

తీగలాగితే:
అది ఆ ఇనుము తట్టుకునే బరువు, మీ బండిది కాదు. బండి, హిచ్, బంతి, ట్రైలర్, వీటిలో దేని పరిమితి తక్కువైతే అదే మీ పరిమితి. పెద్ద హిచ్ పెట్టినంత మాత్రాన ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు పెద్దవైపోవు. బండి మాన్యువల్ తీసి 'బ్రేకులు లేని ట్రైలర్' అన్న చోట చూడండి. బ్రేకులున్నదానికి, లేనిదానికి అంకెలు వేరుగా ఉంటాయి, చాలా తేడాతో. హిచ్ మీద నిలువుగా ఎంత బరువు పడొచ్చో కూడా అక్కడే ఉంటుంది. అమెరికాలో ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు, అంటే హిచ్ మీద పడాలంటారు. మీ 950కి అది 95 నుంచి 140 కిలోలు. మరీ తక్కువ పడితే వేగం మీద ట్రైలర్ తోక ఊపుతుంది, మరీ ఎక్కువైతే బండి వెనక కూర్చుని ముందు చక్రాలు తేలికపడతాయి.

ఖాళీట్రైలర్:
చూశాను. బ్రేకులు లేని ట్రైలర్‌కి 750, ఉన్నదానికి 1,800. హిచ్ మీద 100.

తుప్పుదాసు:
అంటే 950 కిలోలు లాగడానికి హిచ్ ఎవరు బిగించాలా అని ఇంతసేపు కొట్టుకున్నాం.

గ్యారేజీనుంచి:
నా దగ్గరికి తెచ్చుంటే మొదటి ప్రశ్న అదే అడిగేవాణ్ని.

పదోనంబరుపానా:
ఇన్ని పోస్టులు రాశారు, ఇక్కడ మాత్రం ఎందుకు అడగలేదో?

గ్యారేజీనుంచి:
మీరు టార్క్ రెంచ్ వదిలితే కదా.

మీవెనకబండి:
ఖాళీట్రైలర్ గారూ, ఇప్పుడేం చేస్తారు?

ఖాళీట్రైలర్:
సరుకు 500కి తగ్గించి మరీ ఇరుకు చూసుకునే కన్నా బ్రేకులున్న ట్రైలర్ చూస్తాను. ట్రైలర్ ముందుకు నెట్టుకొస్తే దానంతటదే పట్టే బ్రేకులైతే బండిలో అదనపు వైర్లు అక్కర్లేదట కదా? కరెంట్ బ్రేకులైతే బండి లోపల కంట్రోలర్, ఏడు పిన్నుల సాకెట్ అన్నీ కావాలి. అది తేలేదాకా ఈ వైరింగ్ కిట్ విప్పను. హిచ్ మాత్రం ఈ ఆదివారం కింద దూరి రంధ్రాలు చూస్తాను. నట్టు మరలు శుభ్రంగా ఉండి, బోల్టు చేత్తోనే లోపలికి పోతే నేనే బిగిస్తాను. పట్టేస్తే అక్కడితో ఆపి షాపుకి, మొత్తం పని వాళ్లకే.

గ్యారేజీనుంచి:
పట్టేసినచోట ఆపితే నేనే తీసుకుంటాను. పట్టేశాక ఇంకో అరచుట్టు తిప్పితే తీసుకోను.

పదోనంబరుపానా:
బ్రేక్ క్లీనర్ మర్చిపోకండి. రెంచ్ కావాలంటే నాది పంపిస్తాను, గ్యారేజీ ఆయనకి కూడా కావాలంటే వరసలో నిలబడమనండి.