టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్: దాచిన కవచాలను జాబితా చూడకుండా వెతకడం ఎలా?

సంధ్యదారి:

అందరికీ నమస్కారం. జెల్డా వీడియో గేమ్ టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ మొదలుపెట్టి ఇప్పటికి దాదాపు 90 గంటలు ఆడాను. కథలో నాలుగు ప్రాంతాల సమస్యలలో మూడు పూర్తయ్యాయి కాబట్టి, చివరి ఘట్టానికి వెళ్ళే ముందు మంచి కవచాలు సమకూర్చుకోవాలని అనుకుంటున్నాను. దీనికి ముందు వచ్చిన బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌ను నేను చాలా ఇష్టంగా, దాదాపు పూర్తిగా ఆడాను. అందులో బార్బేరియన్ కవచం మూడు భాగాలూ మూడు లాబిరింత్‌లలో (చిక్కుదారుల కట్టడాలలో) ఉండేవి. ఆ జ్ఞాపకంతోనే ఈ ఆటలో కూడా ఉత్తరాన ఉన్న లాబిరింత్‌కు వెళ్ళి, గోడలన్నీ ఎక్కి చూశాను, కాని అది దొరకలేదు. కొండలెక్కే వేగాన్ని పెంచే క్లైంబింగ్ కవచం కూడా పాత చోట్లలో లేదు.

ఇంకొక ఇబ్బంది సెన్సర్‌తో వచ్చింది. ఆటలోని శాస్త్రవేత్త రాబీ దగ్గర, ఫోటో తీసిన వస్తువు సమీపంలో ఉంటే మోగే సెన్సర్ ప్లస్ తీసుకుని, నిధి పెట్టెను ఫోటో తీసి, దాన్నే వెతకమని పెట్టాను. ఒక కొండ అంచున అది గట్టిగా మోగుతోంది, ఏ వైపు తిరిగినా ఆగడం లేదు, అయినా గంటసేపు తిరిగినా పెట్టె కనిపించలేదు. ఇలాంటివి ఇప్పటికి మూడు చోట్ల వదిలేసి వచ్చాను.

ఏ వస్తువు ఏ చోట ఉందో వరుసగా రాసిపెట్టిన జాబితాలు చాలా ఉన్నాయని నాకు తెలుసు. వాటిని చూస్తే వెతికే ఆనందం పోతుంది కనుక చూడదలచుకోలేదు. నాకు కావలసింది పద్ధతి: దాచినవాళ్ళు ఏ ఆలోచనతో దాచారు, ఆటలో మనకు ఏ గుర్తులు ఇచ్చారు, ఏ సాధనాన్ని ఎప్పుడు వాడాలి అన్నది. బార్బేరియన్ కవచం విషయంలో మాత్రం, మరీ తప్పనిసరి అనుకుంటే, ఒక్క భాగం జాడ చెప్పినా అభ్యంతరం లేదు.

గుహలగాలి:

సంధ్యదారి గారూ, మీరు వెతికిన తీరులో తప్పేమీ లేదు. ఆట జరిగే హైరూల్ రాజ్యపు నేల పైకి చూడటానికి పాతదే అయినా, దాచే పద్ధతి మారింది. పాత ఆటలో మంచి కవచాలు ఎక్కువగా ష్రైన్‌లలోనూ (పరీక్షలు పెట్టే చిన్న గుడులు), వాటికి దారితీసే పరీక్షల చివరనూ ఉండేవి. ఈ ఆటలో నేలమీది కవచాలలో చాలా భాగం గుహలలోకి వెళ్ళిపోయింది. బార్బేరియన్, క్లైంబింగ్ రెండూ అలాంటివే, ఏ భాగమూ పాత చోట లేదు. మీరు అనుమతించారు కాబట్టి ఒకటి చెబుతాను: బార్బేరియన్ ఛాతీ కవచం హైరూల్ కోటకు తూర్పున ఉన్న క్రెనెల్ హిల్స్ గుహలో ఉంది. మిగిలిన రెండు భాగాలు అక్కడికి చాలా దూరంగా ఉన్న వేరువేరు గుహలలో ఉన్నాయి.

మీ సెన్సర్ సమస్య కూడా ఇదే. సెన్సర్ దిశ చెబుతుంది కాని ఎత్తు చెప్పదు. కొండ అంచున నిలబడినప్పుడు ఏ వైపు తిరిగినా మోగుతోందంటే పెట్టె దాదాపుగా మీ కాళ్ళ కిందే, కొండ కడుపులో ఉందని అర్థం చేసుకోవాలి. అప్పుడు కొండమీద తిరగడం మానేసి, కిందికి దిగి, కొండ పాదం చుట్టూ ఒక చుట్టు నడవండి. గుహ ముఖం తరచుగా మనం ఎక్కివచ్చిన వైపు ఉండదు. నీటి ధార పడే చోట, వేరే రంగు రాళ్ళు పేర్చినట్లు కనిపించే చోట, చుట్టూ ఏమీ లేకుండా బ్లూపీ అనే కుందేలులాంటి జీవి నీలంగా మెరుస్తూ గంతులు వేసే చోట ఆగి చూడండి. బ్లూపీలు గుహల ముఖద్వారాల దగ్గర తిరుగుతాయి, బెదరగానే లోపలికి పరుగెత్తుతాయి. ఆటలోని డబ్బైన రూపీల కోసం దానిమీద బాణం వేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కొత్త చోట మాత్రం బాణం దించి దాని వెనకాలే వెళ్ళమని నా సలహా.

అక్కడక్కడ ఒంటరిగా నిండా గులాబీ పూలతో నిలబడిన చెర్రీ చెట్లు ఉంటాయి, చెట్టు ముందు ఒక పాత్ర ఉంటుంది. ఆ పాత్రలో ఒక పండు పెడితే సటోరీ అనే దైవజీవి ప్రత్యక్షమై, ఆ ప్రాంతంలోని గుహల దగ్గర కాంతి స్తంభాలు లేపుతుంది. ఆ వెలుగు ఎక్కువసేపు ఉండదు కనుక, వెంటనే స్కోప్ తీసి ఒక్కొక్క స్తంభానికీ పిన్ వేసుకోవాలి. పిన్‌లు ఒకసారికి 6 మాత్రమే పడతాయి. వాటిని మ్యాప్ మీద స్టాంపులుగా మార్చుకుంటే మొత్తం 300 వరకు పెట్టుకోవచ్చు. నా దృష్టిలో ఆట మొత్తంలో గుహలు వెతకడానికి ఇంతకన్నా నిజాయితీ గల సాధనం లేదు, ఎందుకంటే అది గుహ ఎక్కడుందో చెబుతుందే తప్ప లోపల ఏముందో చెప్పదు.

ఒక పొరపాటు నుంచి మిమ్మల్ని ముందే కాపాడాలి. మ్యాప్‌లో గుహ గుర్తు మీద టిక్ పడితే గుహ పూర్తయిందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకుని క్లైంబింగ్ కవచంలో ఒక భాగాన్ని చాలా వారాలు పోగొట్టుకున్నాను. ఆ టిక్ గుహలో ఉండే బబుల్‌ఫ్రాగ్ అనే కప్ప దగ్గరి బబుల్ జెమ్ అనే రత్నం తీసుకున్నామని మాత్రమే చెబుతుంది. పెట్టెల లెక్క దానికి లేదు. గోడలకు అంటుకుని మెరిసే ఆ కప్ప చాలాసార్లు దారిలోనే కనిపిస్తుంది. పెట్టె మాత్రం పగలగొట్టవలసిన రాళ్ళ వెనక ఉంటుంది. కాబట్టి కప్ప దొరికిన తరువాత కూడా గుహ చివరి వరకు వెళ్ళి, పగిలే రాళ్ళన్నీ పగలగొట్టి, అప్పుడు అసెండ్‌తో (పైకప్పు గుండా నేరుగా పైకి తేలే శక్తి) పైకి రండి.

పాతపటం:

గుహలగాలి గారు నేలమీది సంగతి చక్కగా చెప్పారు. నేను దానికి పైనా కిందా ఉన్న సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ ఆటలో దాచినవాటిని ఒక్క పొరలో వెతికితే సగమే దొరుకుతాయి.

మీరు వెళ్ళిన లాబిరింత్‌నే తీసుకుందాం. అక్కడ బార్బేరియన్ లేదు కాని, అది ఖాళీగా లేదు. నేలమీది లాబిరింత్‌లో లోపలి వరకు దారి కనుక్కుంటే, దానికి సరిగ్గా పైన ఆకాశంలో ఉన్న మరొక లాబిరింత్‌కు వెళ్ళవలసిన పని మొదలవుతుంది. అక్కడి పని ముగించాక తెరుచుకునే మార్గం గుండా దూకితే, నేలను దాటుకుని డెప్త్స్ అనే చీకటి పాతాళం వరకు పడతాము. ఈవిల్ స్పిరిట్ కవచం భాగం అక్కడ ఉంటుంది. మూడు లాబిరింత్‌లకు మూడు భాగాలు. గోడలెక్కి పైనుంచి చూసి వచ్చేస్తే ఇదంతా కనిపించదు. మూడు పొరలను ఒకే నిలువు గీతలో కలిపి ఆలోచించమని ఆట మనకు నేర్పే పాఠాలలో ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది.

డెప్త్స్‌లో ఈ ఆలోచన ఇంకా బాగా పనికివస్తుంది. నేలమీద ఉన్న 120 ష్రైన్‌లకు సరిగ్గా కింద 120 లైట్‌రూట్‌లు (చుట్టూ చీకటిని పోగొట్టే వేళ్ళు) ఉంటాయి, పేర్లు కూడా వెనక్కు తిప్పి రాసినవే. పైన ఎత్తైన కొండ ఉన్న చోట కింద లోయ ఉంటుంది, పైన నది పారే చోట కింద గోడ నిలుస్తుంది. పైన ఊరు ఉంటే కింద పాడుబడిన గని ఉండే అవకాశం చాలా ఎక్కువ. మినీమ్యాప్ కింద కనిపించే మూడు సంఖ్యలను గమనించే అలవాటు చేసుకోండి. మొదటి రెండు సంఖ్యలు పొర మారినా మారవు, మూడవది ఎత్తు. చీకట్లో దారి తప్పినప్పుడు పైపొర మ్యాప్ తీసి చూస్తే, మీ ముందున్న గోడ ఏ నదో, మీరు దిగిన గుంట ఏ కొండో తెలుస్తుంది. అంటే, డెప్త్స్‌కు వేరే మ్యాప్ అవసరం లేదు. మీకు 90 గంటలుగా తెలిసిన నేలే దాని మ్యాప్.

ఇక పాత పటాలు. ఆకాశ ద్వీపాలలోని పెట్టెలలో ఓల్డ్ మ్యాప్ అనే వస్తువు దొరుకుతుంది. ఒక్కొక్కటి డెప్త్స్‌లో ఒక చోట గుర్తు వేస్తుంది. ఆ గుర్తు దగ్గర దొరికేవి పాత జెల్డా ఆటలలో కథానాయకుడు లింక్ వేసుకున్న దుస్తులు, వాడిన ఆయుధాలు. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో వీటిలో చాలావాటికి ఆటకు అనుసంధానించే అమీబో బొమ్మలు కొనవలసి వచ్చేది. ఈ ఆటలో కష్టపడి వెతికితే చాలు, ఆ మార్పు చేసినవారిని నేను మనసారా అభినందిస్తాను. మీరు జాబితా వద్దన్నారు కాబట్టి పాత పటాలే మీకు తగిన దారి, ఎందుకంటే ఆ ఆనవాళ్ళు ఆటే ఇచ్చింది, బయటినుంచి వచ్చినవి కావు. స్కైవ్యూ టవర్ నుంచి పైకి ఎగిరిన ప్రతిసారీ వెంటనే నేలకు దిగకుండా, చేరుకోగలిగిన చిన్న ద్వీపాన్ని ఒక్కటైనా చూసి రండి. పెద్ద ద్వీపాలకన్నా, ఏమీ లేదనిపించే చిన్నవాటినే మనం ఎక్కువగా వదిలేస్తాము.

పటం లేకుండా వెళ్ళినా ఆ పెట్టె అక్కడే ఉంటుంది, తెరుచుకుంటుంది కూడా. అందువల్ల డెప్త్స్‌లో మనుషులు కట్టినట్లున్న ఏ కట్టడాన్నీ చూడకుండా దాటిపోకండి.

నిలువుదారి:

పైవారు చెప్పినవాటికి రెండు విషయాలు కలుపుతాను. పాత ఆటలో మాగ్నెసిస్ అనే శక్తి లోహపు పెట్టెలనే లాగేది. ఈ ఆటలో అల్ట్రాహ్యాండ్ అనే శక్తి చెక్కపెట్టెనైనా లాగుతుంది. చెరువు ఒడ్డున, ఇసుకలో, శిథిలాల మధ్య అల్ట్రాహ్యాండ్ ఆన్ చేసి ఒకసారి చుట్టూ తిరిగి చూడండి, నీటి అడుగునా మట్టిలోనూ ఉన్న పెట్టెలు వెలుగుతో బయటపడతాయి. సెన్సర్ మోగుతూ గుహ కనిపించనప్పుడు నేను ముందుగా చేసే పని ఇదే.

రెండవది కొంచెం అభిప్రాయ భేదం. కవచం దొరకగానే పని అయిపోదు. మూడు భాగాలనూ కవచాలను బలపరిచే గ్రేట్ ఫెయిరీల దగ్గర రెండేసి మెట్లు పెంచిన తరువాతే సెట్ ప్రయోజనం అందుతుంది. క్లైంబింగ్ సెట్‌కు ఎగిరి ఎక్కేటప్పుడు స్టామినా ఖర్చు తగ్గడం, బార్బేరియన్‌కు ఛార్జ్ దాడిలో స్టామినా ఆదా కావడం అప్పుడే వస్తాయి. కాబట్టి పది కవచాలను వెతికి పెట్టుకోవడం కన్నా, మీరు ఆడే తీరుకు సరిపోయే రెండింటిని పూర్తిచేసి, ఫెయిరీలను మేల్కొల్పే పనిని ముందుకు జరపడం మంచిదని నా నమ్మకం.

సంధ్యదారి:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నిన్న రాత్రి వదిలేసిన మూడు చోట్లకూ తిరిగి వెళ్ళాను. మొదటి చోట గుహలగాలి గారు చెప్పినట్లే గుహ ముఖం కొండకు అవతలి వైపు, పగలగొట్టవలసిన రాళ్ళ వెనక ఉంది. పెట్టె నేను నిలబడి వెతికిన చోటికి సరిగ్గా కింద దొరికింది. పెట్టె తెరిచాక అసెండ్‌తో పైకి వస్తే, ఆ రోజు గంటసేపు తిరిగిన అదే అంచు మీద తేలాను, ఆ క్షణం చాలా సంతోషం కలిగింది. రెండవ చోట పెట్టె చిన్న చెరువు అడుగున ఉంది, అల్ట్రాహ్యాండ్‌తో తీశాను.

మూడవది మాత్రం ఇంకా అంతుచిక్కలేదు. కొండకు చుట్టూ గుహ లేదు, నీరు లేదు, అల్ట్రాహ్యాండ్‌కు ఏమీ కనిపించలేదు. అక్కడ ఒక పాత బావి మాత్రం ఉంది. ఇంకొక సందేహం: ఆయుధాల సంచి నిండి ఉన్నప్పుడు ఒక పెట్టెను తెరిచి, ఆయుధాన్ని తీసుకోకుండా వదిలేశాను. అది పోయినట్లేనా?

గుహలగాలి:

పోలేదు. తీసుకోకపోతే పెట్టె మళ్ళీ మూసుకుంటుంది, వస్తువు అందులోనే ఉంటుంది. ఈ ఆటలో అక్కడికక్కడే పాత ఆయుధాన్ని పారేసి కొత్తది తీసుకునే వీలు కూడా ఉంది. కవచాలకు ఆ పరిమితే లేదు కాబట్టి, వాటి విషయంలో ఎప్పుడూ సంకోచించనక్కరలేదు.

మూడవ చోటికి జవాబు మీ వాక్యంలోనే ఉంది. ఈ ఆటలో 58 బావులు ఉన్నాయి, లోపలికి దూకవచ్చు. కొన్ని నాలుగు అడుగుల్లో ముగుస్తాయి, కొన్ని పక్కకు విస్తరించి చిన్న గుహలంత ఉంటాయి. దూకండి, దూకిన తరువాత నీటి మట్టం దగ్గర ఆగకుండా గోడల వెంట ఒక చుట్టు చూడండి. చీకటిగా ఉంటే ఒక బ్రైట్‌బ్లూమ్ విత్తనాన్ని విసరండి. ఆ విత్తనాలు గుహలలోనే సమృద్ధిగా దొరుకుతాయి, తరువాత డెప్త్స్‌లో పాతపటం గారు చెప్పిన వెతుకులాటకు మీకు అవే వెలుగు. కనీసం 50 పోగయ్యేవరకు గుహలు తిరిగి, ఆ తరువాతే కిందికి దిగండి.

సంధ్యదారి:

బావిలోనే ఉంది. గోడ వారగా రాళ్ళు పేర్చి మూసిన చిన్న సందు వెనక. ఇప్పుడు క్రెనెల్ హిల్స్ వైపు బయలుదేరుతున్నాను, దారిలో ఒక చెర్రీ చెట్టు కూడా కనిపిస్తోంది.