వేవిళ్లకి గంజాయి గమ్మీలు: కడుపులో బిడ్డకి ఏమవుతుంది?

ఎడిసన్_వదిన

న్యూజెర్సీలో ఉన్న మా మరదలికి ఇప్పుడు తొమ్మిదో వారం. గర్భమని తెలియకముందు నిద్ర కోసం వారాంతాల్లో 5 మి.గ్రా. గంజాయి గమ్మీ వేసుకునేది, తెలిశాక మానేసింది. ఇప్పుడు వేవిళ్లు బాగా ఎక్కువయ్యాయి. గంజాయి అమ్మే లైసెన్సు షాపులో, అంటే డిస్పెన్సరీలో అడిగితే "చాలామంది గర్భిణులు తీసుకుంటారు, మొక్క నుంచి వచ్చిందే కదా, సీబీడీ ఎక్కువున్నది తీసుకోండి" అన్నారట. ముందు తిన్నదానివల్ల బిడ్డకి ఏమైనా అయి ఉంటుందా? సీబీడీ, అంటే గంజాయిలోనే ఉండే మత్తు ఇవ్వని పదార్థం, అయితే పర్లేదా? పొగ కాదు, తినేదే కాబట్టి తేడా ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ప్రసూతి_వార్డు

వదిన గారూ, ముందు తిన్నవాటి గురించి మనసు కుదుటపరచుకోమనండి. 2023 డిసెంబరులో జామా అనే వైద్య పత్రికలో అమెరికా అధ్యయనం ఒకటి వచ్చింది. తొలి కాన్పువాళ్లు 9,257 మందిని తీసుకుని, "వాడారా" అని నోటిమాటగా అడగకుండా మూత్రం పరీక్షించి చూశారు. 610 మందిలో గంజాయి ఆనవాళ్లు దొరికాయి. బిడ్డ ఎదుగుదల తగ్గడం, తల్లికి బీపీ రావడం, ఏదో ఇబ్బంది వల్ల డాక్టర్లే నెలలు నిండకుండా కాన్పు చేయాల్సి రావడం, బిడ్డ కడుపులోనే పోవడం, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి జరిగినవాళ్లు వాడనివాళ్లలో 17.4 శాతం, వాడినవాళ్లలో 25.9 శాతం. మొదటి మూడు నెలలతోనే ఆగిపోయినవాళ్లలో మాత్రం ఈ ముప్పు పెరిగినట్టు తేలలేదు. ఆ తర్వాతా కొనసాగించినవాళ్లలోనే తేలింది. మీ మరదలు ఇప్పటికే ఆపేసింది కాబట్టి ఈ ఒక్క ముక్క ఆమెకి చెప్పండి చాలు.

అలాగని మళ్లీ మొదలుపెట్టడానికి ఇది అనుమతి కాదు. గంజాయిలో మత్తు తెచ్చే టీహెచ్‌సీ కొవ్వులో కరిగే పదార్థం, మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది. తల్లి రక్తంలో ఉన్నంత వెళ్లదు, అందులో కొంత భాగమే వెళ్తుంది. కానీ ఆ కొంత భాగానికీ అక్కడ పని ఉంది. గంజాయి కణాల మీద ఏ గ్రాహకాల (రిసెప్టర్ల) ద్వారా పనిచేస్తుందో అవి పిండం మెదడులో సుమారు 14వ వారానికే కనిపిస్తాయి. మన ఒంట్లో సహజంగా పుట్టే అనాండమైడ్ లాంటివి వాటి ద్వారానే నరకణాలు ఎటు పెరగాలో, ఎక్కడ కలవాలో నిర్ణయిస్తాయి. బయటి నుంచి వచ్చిన టీహెచ్‌సీ ఆ పనిలో వేలు పెడుతుంది. ఇంకోవైపు మాయలో రక్తప్రసరణ తగ్గుతుంది. పుట్టుబరువు తగ్గడం, నెలలు నిండకముందే కాన్పు, మాయ ముందే విడిపోవడం అన్నీ ఈ దారిలోనివే.

అంకెలు కావాలంటే కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఆరున్నర లక్షల పైచిలుకు గర్భాల మీద 2019లో వచ్చిన లెక్క ఉంది. పొగాకు, వయసు, ఆదాయం వంటివి సరిపోల్చి చూశాక కూడా వాడినవాళ్లలో 37 వారాల ముందు కాన్పులు 10.2 శాతం, వాడనివాళ్లలో 7.2 శాతం. ఎదుగుదల తక్కువున్న బిడ్డలు ఒకటిన్నర రెట్లు. మాయ ముందే విడిపోవడం 1.7 రెట్లు, అయితే అది మొదటే అరుదైన సంగతి. పుట్టుబరువు విషయానికొస్తే 2016లో అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు సగటున 109 గ్రాముల తేడా వచ్చింది. మూడు కిలోల బిడ్డకి ఇది పెద్దగా అనిపించదు. రెండున్నర కిలోల అంచున ఉన్న బిడ్డకి మాత్రం ఆ తేడాతోనే నవజాత శిశువుల ఐసీయూ దాకా వెళ్లాల్సి రావచ్చు.

తినడమా, పీల్చడమా అన్నదానికి: పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, తింటే అది తప్పుతుంది. అంతవరకే లాభం. తిన్నది కాలేయం గుండా పోయేటప్పుడు 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీగా మారుతుంది, దాని మత్తు ఇంకా గట్టిది, ఎక్కువసేపు ఉంటుంది. పైగా ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది కాబట్టి "పనిచేయట్లేదే" అని రెండోది వేసుకునేవాళ్లే ఎక్కువ.

మాత్రల_డబ్బా

డిస్పెన్సరీ కౌంటరులో ఉన్నవాళ్లు ఫార్మసిస్టులు కారు, ఆ మాట ముందు గుర్తుపెట్టుకోండి. కొలరాడోలో 400 డిస్పెన్సరీలకి ఫోన్ చేసి "ఎనిమిదో వారం, వేవిళ్లు" అని అడిగితే 69 శాతం మంది గంజాయి సరుకే సిఫారసు చేశారని 2018లో ప్రచురించారు. మీ మరదలికి చెప్పినది కొత్తేమీ కాదు.

సీబీడీకి కూడా "పర్లేదు" అనలేం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సీబీడీ, టీహెచ్‌సీ రెండూ వాడొద్దనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టిగా చెప్తోంది. ఎక్కువ మోతాదులో సీబీడీ కాలేయాన్ని దెబ్బతీయగలదని మూర్ఛకి మందుగా వాడేచోట తెలిసిన సంగతే. దానికి తోడు లేబుల్ గొడవ. ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ సరుకులు 2017లో పరీక్షిస్తే లేబుల్ మీద రాసినంత సీబీడీ ఉన్నవి 26. అయిదింట ఒక దాంట్లో టీహెచ్‌సీ కూడా దొరికింది. గ్యాస్ స్టేషన్లలో అమ్మే డెల్టా-8 (టీహెచ్‌సీలో ఇంకో రకం) గమ్మీల సంగతి ఎత్తకపోవడమే మేలు: సీబీడీని ఆమ్లాలతో మార్చి చేస్తారు, మిగిలిపోయే రసాయనాలు ఎంత శుభ్రం చేశారో కొనేవాడికి తెలిసే దారి లేదు.

అసలు సమస్య వాంతులు కదా, దానికి మందు ఉంది. డాక్సిలమిన్, విటమిన్ బీ6 కలిపి ఇవ్వడం దశాబ్దాలుగా చూసిన, గర్భంలో భద్రమని నిలబడిన చికిత్స. అమెరికాలో ప్రిస్క్రిప్షన్ మీద డైక్లీజిస్ దొరుకుతుంది: రెండూ చెరో 10 మి.గ్రా. ఉన్న, ఆలస్యంగా కరిగే మాత్ర. రాత్రి ఖాళీ కడుపున రెండు, చాలకపోతే డాక్టరు రోజుకి నాలుగు దాకా పెంచుతారు. ఆలస్యంగా పనిచేస్తుంది కాబట్టే రాత్రి వేసుకుంటే ఉదయానికి అందుతుంది. వాంతి వచ్చాక వేసుకుంటే లాభం ఉండదు, రోజూ క్రమంగా వేసుకోవాలి. ప్రిస్క్రిప్షన్ లేకుండా అయితే 25 మి.గ్రా. డాక్సిలమిన్ మాత్రలో సగం రాత్రిపూట, బీ6 10 నుంచి 25 మి.గ్రా. రోజుకి మూడు నాలుగు సార్లు. ఇక్కడ అందరూ పొరబడే చోటు: యూనిసమ్ స్లీప్‌ట్యాబ్స్‌లో డాక్సిలమిన్ ఉంటుంది, అదే పేరుతో వచ్చే స్లీప్‌జెల్స్‌లో ఉండేది డైఫెన్‌హైడ్రమిన్. డబ్బా వెనక మందు పేరు చదివి కొనండి, మొదలుపెట్టే ముందు డాక్టరుకి ఫోన్‌లోనైనా చెప్పండి. ఇండియాలోనూ ఈ రెండూ కలిసిన మాత్రలు ప్రతి మందుల షాపులో ఉంటాయి.

డాక్సిలమిన్ మగత తెస్తుంది. నిద్ర కోసమే గమ్మీకి అలవాటుపడినవాళ్లకి ఇది ఒకరకంగా కలిసొచ్చేదే. వేసుకుని కారు నడపకూడదు.

ప్రీనేటల్ విటమిన్‌లోని ఐరన్ వికారం పెంచుతుంది. మొదటి మూడు నెలలు అది పక్కనబెట్టి ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే ఇవ్వమని డాక్టర్ని అడగండి. అల్లం 250 మి.గ్రా. గుళికలు రోజుకి నాలుగు వరకు పర్లేదు. పోపు వాసన పడకపోతే చల్లటి పెరుగన్నం, మరమరాలు, రెండు గంటలకోసారి కాస్త కాస్త. పొద్దున లేవకముందే మంచం మీదే ఏదైనా పొడిగా నాలుగు ముద్దలు.

ప్రసూతి_వార్డు

పై జవాబుకి రెండు చేర్పులు. గర్భానికి ముందున్న బరువులో 5 శాతం తగ్గినా, ఏడెనిమిది గంటలు మూత్రం రాకపోయినా, గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోయినా అది మామూలు వేవిళ్లు కాదు. సెలైన్ పెట్టించాలి. గ్లూకోజుకి ముందు థయమిన్, అంటే బీ1, ఇవ్వాలని గుర్తుంచుకోండి. రోజుల తరబడి తిండి లేని ఒంట్లోకి నేరుగా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకి ప్రమాదం.

రెండోది, ఏళ్ల తరబడి రోజూ గంజాయి వాడేవాళ్లకి గంజాయే వాంతులు తెప్పిస్తుంది. వేడినీళ్ల స్నానం చేస్తే హాయిగా ఉండటం దీని గుర్తు. వేవిళ్లనుకుని ఇంకాస్త వాడితే ఇంకాస్త వాంతులవుతాయి. వారాంతపు గమ్మీలకి ఇది వర్తించదు లెండి, ఈ థ్రెడ్ చదివే మరొకరికి పనికొస్తుందని.

లెక్కల_మనిషి

ఒక అడ్డుమాట. గంజాయి వాడేవాళ్లలో సిగరెట్లు, డిప్రెషన్, డబ్బు ఇబ్బందులు కూడా ఎక్కువ. 2016లోనే వచ్చిన మరో సంకలనం 31 అధ్యయనాలు తీసుకుని పొగాకు ప్రభావం తీసేసి చూస్తే, తక్కువ బరువుకీ ముందస్తు కాన్పుకీ గంజాయితో విడిగా గట్టి సంబంధం నిలబడలేదు. ఆటిజం గురించి కూడా 2020లో ఒంటారియో లెక్క ఒకటిన్నర రెట్లు అంది, 2024లో ఉత్తర కాలిఫోర్నియా లెక్క సంబంధం లేదంది. భయపెట్టే అంకె మాత్రమే వాట్సాప్‌లో తిరుగుతుంది, రెండోది తిరగదు.

ప్రసూతి_వార్డు

ఆటిజం మాటలో మీతో పేచీ లేదు. ఆ సంబంధం తేలలేదు, దానితో ఎవరినీ భయపెట్టకూడదు. మొదటిదాంట్లో పేచీ ఉంది. ఆ పాత లెక్కల్లో చాలావాటికి ఆధారం "వాడారా" అని అడిగి రాసుకున్న జవాబులు. దాచినవాళ్లు వాడనివాళ్ల ఖాతాలో పడతారు, తేడా చెరిగిపోతుంది. సరుకు కూడా మారింది: అమెరికాలో పట్టుబడిన గంజాయిలో టీహెచ్‌సీ 1995లో సుమారు 4 శాతం, 2014కి సుమారు 12. ఒట్టావాలో 1978లో, పిట్స్‌బర్గ్‌లో 1982లో మొదలైన, పిల్లల్ని పెద్దయ్యేదాకా వెంబడించిన అధ్యయనాలు ఆ పలచటి గంజాయి కాలానివి. వాటిలోనే ధ్యాస నిలవకపోవడం, తొందరపాటు కొంచెం ఎక్కువగా కనిపించాయి. తెలివితేటల మొత్తం స్కోరులో పెద్ద దెబ్బ కనిపించలేదు, అదీ చెప్పాలి. 2025లో జామా పీడియాట్రిక్స్‌లో వచ్చిన కొత్త సంకలనం 51 అధ్యయనాలు కలిపి, తక్కువ బరువు, ముందస్తు కాన్పు, తక్కువ ఎదుగుదల మూడింటికీ సంబంధం నిలబడిందనే తేల్చింది.

ఎడిసన్_వదిన

చాలా థాంక్స్ అండీ. డాక్సిలమిన్ గురించి రేపే అడిగిస్తాను. ఇంకో భయం. డాక్టరుకి చెప్తే రికార్డుల్లోకి ఎక్కి, పుట్టాక బిడ్డకి పరీక్ష చేసి సీపీఎస్‌కి, అంటే పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ శాఖకి, చెప్తారంటున్నారు. వాళ్లు హెచ్‌1బీ మీద ఉన్నారు, గ్రీన్ కార్డు నడుస్తోంది.

ఫైలు_నంబరు

రెండు వేరువేరు సంగతులు.

ఆసుపత్రి: 2001లో ఫెర్గూసన్ కేసులో సుప్రీంకోర్టు, పోలీసులకి అందించే ఉద్దేశంతో ప్రభుత్వాసుపత్రి గర్భిణి మూత్రాన్ని ఆమె అనుమతి లేకుండా పరీక్షించడం చెల్లదంది. వైద్యం కోసం చేసే పరీక్షల సంగతి వేరు, అది రాష్ట్రాన్ని బట్టీ ఆసుపత్రిని బట్టీ మారుతుంది. "మత్తు పరీక్ష ఎప్పుడు చేస్తారు, ముందు అడుగుతారా, బిడ్డకి చేస్తారా" అని కాన్పు ఆసుపత్రిలో ముందే అడగొచ్చు. అప్పుడప్పుడూ వాడినవాళ్ల మూత్రంలో కొద్ది రోజులే, రోజూ వాడినవాళ్లలో నెల దాటినా కనిపిస్తుంది. పుట్టిన బిడ్డ తొలి మలంలో తేలేది గర్భం రెండో సగంలో వాడినదే. తొమ్మిదో వారానికే ఆపేసినవారు దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. డాక్టరుకి చెప్తే వైద్యం సరిగ్గా జరుగుతుంది, చెప్పమనే నా మాట.

ఇమ్మిగ్రేషన్: ఇక్కడే మనవాళ్లు బోల్తా పడతారు. న్యూజెర్సీలో షాపులు 2022 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లందరికీ అమ్ముతున్నా, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. అధికారి ముందు వాడానని ఒప్పుకుంటే, కేసు లేకపోయినా, శిక్ష పడకపోయినా గ్రీన్ కార్డుకి అడ్డం రావచ్చు. రాష్ట్రంలో చట్టబద్ధమన్నది సాకు కాదని, పౌరసత్వ దరఖాస్తుల విషయంలో, అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగా చెప్పింది. గ్రీన్ కార్డు వైద్యపరీక్షలో సివిల్ సర్జన్ (ఆ పరీక్షకి ఇమ్మిగ్రేషన్ శాఖ గుర్తించిన డాక్టరు) మత్తుపదార్థాల గురించి అడుగుతారు. అబద్ధం చెప్తే అది ఇంకో పెద్ద నేరం. ఆ అపాయింట్‌మెంటుకి ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో అరగంట మాట్లాడుకోవాలి, ఫోరంలో చదివి నిర్ణయించుకోకూడదు.

కోఠి_కౌంటర్

ఇండియాలో ఉన్నవాళ్ల కోసం కొంచెం. మన దగ్గర గంజాయి అంటే సిగరెట్‌లోని పొగాకుతో కలిపి చుట్టినదే ఎక్కువ. అందుకని మానేటప్పుడు రెండు అలవాట్లు ఒకేసారి వదలాలి. గంజాయి ఒక్కదాన్ని హఠాత్తుగా ఆపినా బిడ్డకి ప్రమాదం లేదు. చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం ఒకటి రెండు రోజుల్లో మొదలై మొదటి వారంలో ముదిరి రెండు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. సారా, నల్లమందు లాంటివి అలా కాదు, అవి గర్భంలో హఠాత్తుగా ఆపకూడదు, ఆసుపత్రిలోనే తగ్గించాలి. మానడానికి సాయం కావాలంటే 14446, మనసు బాగాలేకపోతే టెలీ మానస్ 14416, రెండూ ఉచితం. చికిత్సకి తమంతట తాము వచ్చినవాళ్లకి మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్‌లో 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

భంగు ఆకుతో చేస్తారు, ఆకు ఆ చట్టంలోని గంజాయి నిర్వచనంలోకి రాదు. చట్టానికి బయట ఉన్నంత మాత్రాన బిడ్డకి మంచిదని కాదు, అందులోనూ టీహెచ్‌సీయే. హోలీ రోజు తండాయి ఇస్తే గర్భిణి గ్లాసు ముట్టకపోతే చాలు. ఆయుర్వేదం షాపులో నిద్రకీ అజీర్తికీ ఇచ్చే మందుల్లో "విజయా" అని రాసుంటే అది భంగే. డబ్బా మీద వైద్యుని పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక ఉంటుంది, చదవకుండా ఇంట్లో పెద్దవాళ్లు ఇచ్చేస్తుంటారు.

భర్త ఇంట్లో పొగ తాగితే అదీ లెక్కే. గది మూసి ఫ్యాను వేస్తే సరిపోదు, బయటికి వెళ్లి తాగాలి.

మాత్రల_డబ్బా

కాన్పయ్యాక మళ్లీ మొదలుపెట్టొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి: టీహెచ్‌సీ పాలలోకీ వస్తుంది. 2018లో వచ్చిన అధ్యయనంలో 54 పాల నమూనాల్లో 63 శాతంలో, వాడిన ఆరు రోజుల దాకా దొరికింది. 2021లో వచ్చినదాంట్లో, గర్భంలో వాడిన తల్లుల పాలలో ఆరు వారాల తర్వాత కూడా ఉంది. మద్యంలా కొన్ని గంటలాగి ఇవ్వొచ్చనో, పాలు పిండి పారబోస్తే సరిపోతుందనో అనుకుంటారు. ఒంటి కొవ్వులో నిలవ ఉండి మెల్లగా దిగేదానికి ఆ లెక్క పనిచేయదు. అమెరికాలో ఉన్నవాళ్లు గర్భంలోనూ పాలిచ్చే కాలంలోనూ ఏ మందు గురించైనా మదర్‌టుబేబీ అనే సమాచార సేవకి, 866-626-6847, ఉచితంగా ఫోన్ చేసి అడగొచ్చు.