పాటల వరసా, ప్లేట్ల వరసా?

పెన్న ఒడ్డు:
నెల్లూరులో పాత గ్రామఫోన్ ప్లేట్ల అంగడికి తెలుగులో పట్టిక, అరల మీదికి చీటీలు రాయాల. దాదాపు రెండు వేల ప్లేట్లు. లక్కతో చేసిన పాతవి, ఈపీలనే చిన్నవి, ఎల్పీలనే పెద్దవి అన్నీ కలిసిపోయి ఉండాయి. పట్టిక నెత్తిన ‘పాటల వరస’ అని పెడితే చదివినవాళ్లకు బాణీ అనిపిస్తుందా? ‘ప్లేట్లు పేర్చు విధము’ అని ఇంకో మాట అనుకున్నాం. ఏది మేలో చెప్పండి.

ట్రంకురోడ్డు:
‘పేర్చు’ వద్దే వద్దన్నా. పేర్చడమంటే ఒకదాని మీద ఒకటి. ఇటుకలు పేరుస్తాం, పిడకలు పేరుస్తాం. ఆ మాట చదివి పనికుర్రాడు ప్లేట్లను నిజంగానే పేర్చాడంటే అయిపోయినట్టే. లక్క ప్లేటు పెళుసు, బరువుకు అడుగుది పగులుతుంది. ఎల్పీ పగలదు గానీ వంగుతుంది, లోపలి ప్లేటు అంచు అట్ట మీద గుండ్రంగా అచ్చుపడుతుంది. ప్లేటును నిలబెట్టాల. అందుకని ‘సర్దు’, ‘నిలుపు’, ‘వరస పెట్టు’, వీటిలో ఏదైనా సరే.

అరల సంగతి కూడా చెప్తా. ఎల్పీ 12 అంగుళాలు, అట్టతో కలిపి 31 సెంటీమీటర్ల పైన. అర లోపలి ఎత్తు 34 ఉంటేనే చెయ్యి ఆడుతుంది. అడుగు పొడవుకు 70, 75 ఎల్పీలు పడతాయి, అంటే ఇంచుమించు 16 కిలోలు. మూడడుగుల పలకకు నడుమ ఆసరా లేకపోతే కుంగుతుంది. జానెడుకొక అడ్డపలక, దాని పక్కన రెండు వేళ్లు దూరే సందు. సందు మరీ ఎక్కువైతే ప్లేట్లు వాలి వంగిపోతాయి, తక్కువైతే లాగేటప్పుడు అట్ట అంచు చినుగుతుంది. 10 అంగుళాల లక్క ప్లేట్లు, 7 అంగుళాల ఈపీలు వేరే అరల్లో పెట్టండి. ఎల్పీల నడుమ ఒక ఈపీ దూరిందంటే మళ్లీ అరంతా దులిపితే గానీ దొరకదు.

కంభం చెరువు:
‘వరస’ దగ్గరికి వద్దాం. బడిలో ‘వరుస’ అని రాయించినా నోట్లో తిరిగేది ‘వరస’. దీనికి మూడు అర్థాలు ఒకచోటే కాపరం చేస్తున్నాయి. ఒకటి బారు, క్రమం. రెండోది బాణీ. భజన పుస్తకాల్లో పాట నెత్తిన ‘ఫలానా పాట వరస’ అని వేస్తారే, అది. సంగీతం నేర్చేవాళ్లు మొదట పట్టే సరళీ వరసలు, జంట వరసలు, దాటు వరసల్లో స్వరాల క్రమమే పాటయి కూర్చుంటుంది కాబట్టి అక్కడ రెండు అర్థాలూ కలిసే ఉన్నాయి. మూడోది వావివరస. డబ్బింగు సినిమా ప్లేటుకీ దాని తమిళ ప్లేటుకీ బాణీ వరస ఒకటే, అరలో వరస వేరు, చుట్టరికపు వరస కలిపితే అక్కచెల్లెళ్ల బిడ్డలు!

‘పాటల వరస’ అంటే ఎవరికైనా బాణీయే తోస్తుంది. ‘ప్లేట్ల వరస’ అనండి, చిక్కు లేదు. ప్లేటుకు బాణీ ఉండదు గదా.

అద్దంకి బస్టాండు:
మాట కుదిరింది, మరి దేని వరస? సినిమా పేరా, పాడినవాళ్లా, సంగీత దర్శకుడా? కొనేవాడి నోట ముందు ఏ మాట వస్తుందో అదే వరసకు మూలం కావాలి. సినిమా పాటకు సినిమా పేరే. లక్క ప్లేటుకు పక్కకొక పాట, మూడు నిమిషాల చిల్లర. ఒకే సినిమా నాలుగైదు ప్లేట్ల మీద పడుద్ది కాబట్టి సినిమా పేరు కింద మళ్లీ ప్లేటు నంబరు వరసన పెట్టాల. నంబరంటే లేబుల్ మీద అచ్చేసింది. లేబుల్ చుట్టూ నున్నటి చోట చెక్కి ఉండేది ప్లేటు ఒత్తిన మూస నంబరు. అది రెండు పక్కలకీ వేరు వేరుగా ఉంటది. దాన్ని పద్దులో ఎక్కించారంటే ఒకే ప్లేటు రెండుసార్లు లెక్కకొస్తది.

ఈపీలతో ఇంకో తంటా ఉంది. ఒక పక్క ఒక సినిమా, రెండో పక్క ఇంకోటి ఉన్నవి చాలా ఉంటాయి. ప్లేటు మొదటి పక్క సినిమా దగ్గర నిలబెట్టి, రెండో సినిమా చోట ప్లేటు ఎక్కడుందో రాసిన అట్టముక్క ఒకటి పెట్టండి. పద్యనాటకం సెట్లను మాత్రం విడదీయొద్దు, ఒక్క ప్లేటు తప్పితే సెట్టంతా చెడినట్టే.

పెన్న ఒడ్డు:
సినిమావి కానివో? ఘంటసాల అంటే ఇంటిపేరు, సుశీల అంటే సొంతపేరు, బాలు అంటే ముద్దుపేరు. లేబుల్ మీద చూస్తే పొడి అక్షరాలు. త్యాగయ్య కృతులు ‘త’లోనా, కాకర్ల అనే ఇంటిపేరు పట్టుకుని ‘క’లోనా?

కంభం చెరువు:
కాకర్ల మా కంభం పక్క ఊరే, ఇంకో వాగ్గేయకారుడు శ్యామశాస్త్రి పెద్దలు కూడా కంభం నుంచి తరలిపోయినవాళ్లే అంటారు. ఊరి అభిమానానికి ‘క’లో పెట్టుకోవాలనే ఉంటుంది, కానీ అక్కడ వెతికేవాడెవడు? ‘త’లోనే పెట్టండి. ఇంకో మాట. కచేరీ ఎల్పీ మీద నలుగురు వాగ్గేయకారులు ఉంటారు. ప్లేటు పాడినవాళ్ల పేరన ఉండాలి, వాగ్గేయకారులకు అట్టముక్కలు చాలు.

పొడి అక్షరాలు వదిలెయ్యండి. పి. సుశీల ‘స’లో, ఎస్. జానకి ‘జ’లో. మన నెల్లూరులో శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం ‘బ’లోనే ఉండాలి. ‘శ’లో ‘శ్రీపతి, చూ. బాలు’ అని ఒక అట్ట.

ట్రంకురోడ్డు:
అకారాది కంప్యూటరుకు వదిలితే మూడు చోట్ల బడిలో నేర్చిన వరస తప్పుతుంది. గుణింతంలో ‘సం’ ‘సౌ’ తర్వాత వస్తుంది. కంప్యూటరు సున్నను గుణింతపు గుర్తులకంటే ముందు లెక్కిస్తుంది, అందుకే ‘సంకీర్తనలు’ ‘సాలూరి’ కంటే ముందు వస్తాయి. వర్ణమాలలో ‘క్ష’ చివర్న ఉంటుంది, అక్కడేమో ‘క’ వత్తుల్లో పడుతుంది. క్షేత్రయ్య పదాలు ‘హ’ తర్వాత వెతికితే కనపడవు. ‘ళ’ కూడా ‘ల’ వెనకాలే వస్తుంది. కంప్యూటరు వరసే ఉంచుకోండి, చేత్తో దిద్దితే కొత్త ప్లేటు ఎక్కించినప్పుడల్లా చెదురుతుంది. పట్టిక అడుగున ‘క్ష కొరకు క చూడుము’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. చీటీలు పై అట్టకే అంటించండి, లేబుల్‌కు కాదు. జిగురు తడికి లేబుల్ కాగితం ఉబ్బి లేస్తుంది.

పెన్న ఒడ్డు:
సరే, ‘ప్లేట్ల వరస’ ఖాయం. ‘చూ.’ అంటే అందరికీ తెలుస్తుందా?

అద్దంకి బస్టాండు:
నిఘంటువుకి చాలుద్ది, అంగడికి చాలదు. అట్టాగని ‘చూడు’ అని రాసేరు, డబ్బులిచ్చి కొనేవాళ్లని ఏకవచనంతో పిలిచినట్టుంటది. ‘చూడండి’ అని పూర్తిగా రాయండి. పైన ‘చూడుము’ అన్నది కూడా మార్చాల.