నలుగురిలో ఒక్కరూ క్లెరిక్ తీసుకోవడం లేదు, ఈ పార్టీ (ఆట జట్టు) నడుస్తుందా?

కొత్తడీఎం:
వచ్చే నెల డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా పాచికలతో ఆడే కథల ఆట) మొదలుపెడుతున్నాం, ఐదో ఎడిషన్, 2014 రూల్స్, డీఎం, అంటే కథ నడిపేది, నేనే. స్టార్టర్ సెట్‌లో వచ్చిన సాహసమే ఆడిద్దామనుకుంటున్నాను. అందులో ముందే తయారుచేసిన క్యారెక్టర్లు ఇచ్చారు కదా, ఇద్దరు ఫైటర్లు (యోధులు), ఒక క్లెరిక్ (దైవశక్తితో గాయాలు మాన్పగల పూజారి), ఒక రోగ్ (దొంగ), ఒక విజర్డ్ (మంత్రగాడు). అవి వద్దు, సొంతంగా చేసుకుంటాం అన్నారు మావాళ్ళు, సరే అన్నాను. ఇప్పుడు చూస్తే ఇద్దరు రోగ్‌లు, విల్లు పట్టుకున్న రేంజర్ (అడవి వేటగాడు) ఒకడు, ఒక వార్‌లాక్ (ఏదో మహాశక్తితో ఒప్పందం చేసుకుని మంత్రాలు పొందినవాడు). ముందు నిలబడి దెబ్బలు కాసేవాడు లేడు, హీలింగ్ అసలే లేదు. క్లెరిక్ ఎవరు తీసుకుంటారని గ్రూపులో అడిగితే అందరూ సైలెంట్. ఎవరో ఒకరిని ఒప్పించి మార్పించాలా, లేక ఇలాగే ఉండనిచ్చి పోరాటాలు తేలిక చేయాలా? మొదటి సెషన్‌లోనే అందరూ చచ్చిపోతే మళ్ళీ ఎవరూ రారేమోనని టెన్షన్‌గా ఉంది.

రాతిగోడ:
ఎవర్నీ మార్చమని అడక్కండి. ఇష్టం లేని క్యారెక్టర్‌తో నెలల తరబడి కూర్చోవడం ఎవరివల్లా కాదు, నాలుగో వారానికి రావడం మానేస్తారు.

క్లాసుల (రోగ్, క్లెరిక్ లాంటి పాత్ర రకాల) పేర్లు పక్కన పెట్టి పనులు చూడండి. తాళాలు తీయడం, దొంగచాటుగా వెళ్ళడం, అడవిలో దారి పట్టడం, ఊళ్ళో మాట్లాడి పని జరిపించుకోవడం, ఇవన్నీ మీవాళ్ళకు వచ్చు (వార్‌లాక్‌కి కరిజ్మా ఎలాగూ ఎక్కువే ఉంటుంది). లేనివి రెండే. పడిపోయినవాణ్ణి లేపేది ఎవరు, శత్రువు పక్కన నిలబడేది ఎవరు.

మొదటిది ముఖ్యం. ఈ ఎడిషన్‌లో హీలింగ్ అంటే తగ్గిన హిట్ పాయింట్లన్నీ (ప్రాణబలం లెక్క) మళ్ళీ నింపడం కాదు. హీలింగ్ వర్డ్ మంత్రం మొదటి లెవెల్‌లో ఇచ్చేది 1డీ4 (నాలుగు ముఖాల పాచిక ఒకటి), దానికి మాడిఫైయర్ (వేసినవాడి సామర్థ్యాన్ని బట్టి వచ్చే అంకె) కలుపుకోవాలి. గోబ్లిన్ అనే చిన్న రాక్షసి ఒక్క వేటుకి తీసేది 1డీ6+2. పోరు మధ్యలో నింపుతూ కూర్చుంటే ఎప్పటికీ అందుకోలేరు. కావలసిందల్లా సున్నాకి పడినవాడు తన టర్న్ వచ్చేలోపు లేచి నిలబడటం, ఒక్క పాయింట్‌తో లేచినా చాలు, వాడి టర్న్ వాడికి దక్కుతుంది. దీనికి క్లెరికే అక్కర్లేదు. బార్డ్, డ్రూయిడ్, పాలడిన్ క్లాసుల్లో ఎవరైనా చేస్తారు, మీ పార్టీలో అయితే వార్‌లాక్ ఉన్నాడు. 2017లో వచ్చిన జనాథర్స్ గైడ్ అనే అదనపు రూల్స్ పుస్తకంలో సెలెస్టియల్ ప్యాట్రన్ (వార్‌లాక్ ఒప్పందం చేసుకునే దివ్యశక్తి) ఉంది, అతనికి అది చూపించండి. మొదటి లెవెల్ నుంచే హీలింగ్ లైట్ వస్తుంది, రెండు డీ6లు, బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో అసలు పనికి అదనంగా చేసే చిన్న పని), 60 అడుగుల దూరం నుంచే. అంటే ఒకణ్ణి లేపి అదే టర్న్‌లో ఎల్డ్రిచ్ బ్లాస్ట్ అనే దాడి మంత్రం కూడా వేయొచ్చు. క్లాసూ మారదు, సరదా కూడా పోదు.

ఇక ముందు నిలబడటానికి రేంజర్ ఉన్నాడు. స్కేల్ మెయిల్ (పొలుసుల కవచం) వేసుకుని డెక్స్ (చురుకుదనం) నుంచి 2 కలుపుకుంటే ఏసీ (దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకె) 16, 10 గోల్డ్ పెట్టి డాలు కొంటే 18. ఇంకోటి గమనించండి, రోగ్‌కి స్నీక్ అటాక్ (అదనపు దెబ్బ) రావాలంటే అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) ఉండాలి, లేదా తను కొట్టే శత్రువుకి 5 అడుగుల్లో మనవాడొకడు ఉండాలి. ఇద్దరు రోగ్‌లు ఉన్న పార్టీలో ముందు ఒకడు నిలబడితే వాళ్ళ దెబ్బ బలం కూడా పెరుగుతుంది.

నీడలదారి:
హీలింగ్ గురించి పైన చెప్పింది అక్షరాలా ఒప్పుకుంటాను, రేంజర్ సంగతి మాత్రం ఒప్పుకోను. విల్లు కోసం రేంజర్ తీసుకున్నవాడి చేతిలో డాలు పెడితే అదీ బలవంతంగా క్లెరిక్‌ని చేయడం లాంటిదే కదా. పైగా స్కేల్ మెయిల్‌తో స్టెల్త్‌కి (నక్కి వెళ్ళడానికి) డిస్‌అడ్వాంటేజ్, నలుగురూ నక్కి వెళ్తుంటే చప్పుడు చేసేది వాడే అవుతాడు.

ఇది మాటు వేసే పార్టీ, దాన్ని అలాగే ఆడనివ్వండి. దాక్కుని కొడితే అడ్వాంటేజ్, అడ్వాంటేజ్ ఉంటే స్నీక్ అటాక్, పక్కన ఎవరూ నిలబడక్కర్లేదు. శత్రువులు సర్‌ప్రైజ్ అయితే మొదటి రౌండ్‌లో కదలనూ లేరు, కొట్టనూ లేరు, ఈలోపు ఇద్దరు ముగ్గురు పడిపోతారు. రెండో లెవెల్‌కి రోగ్‌లకు కన్నింగ్ యాక్షన్ వస్తుంది, కొట్టి మళ్ళీ బోనస్ యాక్షన్‌తో దాక్కుంటారు. ఐదో లెవెల్‌లో రేంజర్‌కి పాస్ వితౌట్ ట్రేస్ మంత్రం వచ్చాక అందరి స్టెల్త్‌కీ 10 కలుస్తుంది, అప్పుడు వీళ్ళని కనిపెట్టడం ఎవరితరమూ కాదు. అయితే మీవైపు నుంచి ఒకటి కావాలి. ప్రతి పోరూ తలుపు తీయగానే ఎదురుగా అన్నట్టు పెట్టకండి. చాటు ఇవ్వండి, ఎత్తు ఇవ్వండి, ముందు వెళ్ళి చూసి రావడానికి దారి ఇవ్వండి.

ఫైటర్, క్లెరిక్, రోగ్, విజర్డ్ నలుగురూ ఉండి తీరాలనేది కూడా మొదటి నుంచీ ఉన్న మాట కాదు. 1974లో ఆట వచ్చినప్పుడు క్లాసులు మూడే, ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్. దొంగ 1975లో గ్రేహాక్ సప్లిమెంట్‌తో వచ్చాడు. 2008లో నాలుగో ఎడిషన్ డిఫెండర్, స్ట్రైకర్, లీడర్, కంట్రోలర్ అని పుస్తకంలోనే పేర్లు పెట్టింది, ఐదో ఎడిషన్ ఆ పేర్లు తీసేసింది.

మూడోపాచిక:
ఇద్దరూ బాగా చెప్పారు కానీ రెస్ట్ గురించి ఎవరూ అనలేదు, నాకైతే పార్టీ బ్యాలెన్స్‌లో సగం అదే. విజర్డ్ స్లాట్లు (మంత్రాలు వేసే అవకాశాలు) మామూలుగా లాంగ్ రెస్ట్‌తో (రాత్రి పడుకోవడం) తిరిగి వస్తాయి, వార్‌లాక్‌వి షార్ట్ రెస్ట్‌కే (గంట ఆగడం) వస్తాయి. ఇద్దరూ ఒకే పార్టీలో ఉంటే ఒకరు గంట ఆగుదాం అంటారు, ఇంకొకరు పడుకుందాం అంటారు. మీ పార్టీకి ఆ గొడవ లేదు. రోగ్ బలమంతా రెస్ట్‌తో పనిలేనిదే, వార్‌లాక్‌కి గంట చాలు, అదే గంటలో అందరూ హిట్ డైస్ వాడుకుని కోలుకుంటారు. కాబట్టి రోజుకి రెండుసార్లు గంటసేపు ఆగే చోటు దొరికేలా సాహసాన్ని నడపండి. హీలింగ్ లైట్ మాత్రం లాంగ్ రెస్ట్‌కే తిరిగి వస్తుంది, అది పొదుపుగా వాడమని ముందే చెప్పండి.

ఇంకో మాట. క్లెరిక్ అనగానే అందరూ ఎందుకు సైలెంట్ అయ్యారో కనుక్కున్నారా? కట్లు కట్టేవాడు అనుకునే చాలామంది వద్దంటారు. బ్లెస్ మంత్రం వేస్తే ముగ్గురికి ప్రతి అటాక్‌కీ, సేవింగ్ త్రోకీ (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే పాచిక) 1డీ4 కలుస్తుంది. వార్ డొమెయిన్ (క్లెరిక్‌లో యుద్ధ శాఖ) తీసుకుంటే హెవీ ఆర్మర్, ఐదో లెవెల్‌లో స్పిరిట్ గార్డియన్స్ మంత్రంతో శత్రువుల గుంపు మధ్యకే నడిచి వెళ్ళొచ్చు. నాకు చాలా ఇష్టమైన క్లాస్ అది. బలవంతం వద్దు, కానీ ఒకసారి ఇలా చెప్పి చూడండి.

కొత్తడీఎం:
అందరికీ థ్యాంక్స్. వార్‌లాక్ ఆడేవాడికి సెలెస్టియల్ చూపించాను, ఎగిరి గంతేశాడు. రేంజర్ విల్లే అంటున్నాడు, వదిలేస్తున్నాను. బ్లెస్ సంగతి చెప్పినా ఇద్దరు రోగ్‌లూ కదల్లేదు. ఒక్క డౌట్, ఆ వార్‌లాకే పడిపోతే?

రాతిగోడ:
హీలర్స్ కిట్ కొనిపించండి, 5 గోల్డ్, పదిసార్లు వస్తుంది, మెడిసిన్ చెక్ (వైద్యం కోసం పాచిక వేయడం) లేకుండానే పడినవాణ్ణి స్టేబుల్ చేయొచ్చు, అంటే చావకుండా ఆపొచ్చు. హీలింగ్ పోషన్ అయితే 50 గోల్డ్, మొదట్లో వాళ్ళ దగ్గర అంత ఉండదు, సాహసం మొదలయ్యేటప్పుడు మీరే తలా ఒకటి ఇవ్వండి. పడినవాడి నోట్లో పోయడానికి యాక్షన్ పడుతుంది, అది ముందే చెప్పి ఉంచండి. మీరు చేయాల్సింది ఒకటుంది, పడినవాళ్ళ మీద గోబ్లిన్లతో మళ్ళీ కొట్టించకండి. స్పృహ లేనివాణ్ణి 5 అడుగుల్లోంచి కొడితే తగిలిన ప్రతి దెబ్బా క్రిటికలే, ఒక్కో దాంతో రెండు డెత్ సేవ్‌లు (పడినవాడు బతకడానికి వేసే పాచికలు) ఫెయిల్ అయిపోతాయి, మూడు ఫెయిలైతే క్యారెక్టర్ పోయినట్టే. గోబ్లిన్లు ఇంకా నిలబడి ఉన్నవాళ్ళ మీదకి వెళ్తాయి, లేదా సంచులు లాక్కుని పారిపోతాయి.