"షార్ట్ అయింది" అంటే తెగిందనా, కలిసిందనా?

సొంతంగా కేబుళ్లు చేసుకునేవాళ్లలో చాలామంది ఏది పాడైనా "షార్ట్ అయిందండీ" అనేస్తున్నారు. లోపల తీగ తెగినా షార్టే, రెండు తీగలు తగిలినా షార్టే. తెగింది, కలిసింది అని మనకు రెండు మాటలున్నాయి కదా. ఏది జరిగిందో చెబితేనే మీటరు ఎక్కడ పెట్టాలో చెప్పగలం. మీరేమంటారు?

జవాబు: రెండు తీగలు తగిలితే నేను "కలిసింది" అనే అంటానండీ. కేబుల్ రెండు చివర్లూ ఊడదీసి, మల్టీమీటరును బీప్ మీద (కరెంటుకు దారి ఉంటే మోగే సెట్టింగు) పెట్టి, ఈ చివర 1వ పిన్ను నుంచి ఆ చివర 1వ పిన్నుకి, 2 నుంచి 2కి చూస్తే, మోగినంత మాత్రాన తెగలేదనే తెలుస్తుంది, చాలామంది అక్కడితో ఆపేస్తారు. కలిసిందేమో తెలియాలంటే 1కీ 2కీ, 1కీ 3కీ, 2కీ 3కీ మధ్య పెట్టాలి, అక్కడ మోగకూడదు. మూడు పిన్నులకు మూడు జతలే. తొమ్మిది పిన్నులైతే 36 జతలు, పైగా కనెక్టరు లోహపు తొడుగుతో ఒక్కో పిన్నునూ విడిగా చూడాలి. విసుగే, అయినా వదలకండి, షీల్డు (తీగల చుట్టూ ఉండే రాగి పోగుల వల) అల్లికలోంచి ఒక్క రాగి పోగు లేచి పక్క పిన్నుకు తగిలితే చాలు. కనెక్టరు దగ్గర వంచుతూ చూడండి, మామూలుగా మోగనిది వంచితే మోగొచ్చు.

జవాబు: షార్ట్ సర్క్యూట్‌ను "లఘువలయం" అనొచ్చు కదా?

జవాబు: పేరుగా బాగుందండీ, కానీ పని చేస్తూ "లఘువలయం ఏర్పడింది" అని ఎవరంటారు? క్రియ కావాలి. పైగా ఇక్కడ కలుపు, కలియు అనే తేడా భలే పనికొస్తుంది. మైకు కేబుల్లో కొందరు కనెక్టరు తొడుగును 1వ పిన్నుకు కావాలనే కలుపుతారు. అక్కడ మోగితే అది "కలిపింది", తప్పు కాదు. 2కీ 3కీ మధ్య మోగితే "కలిసిపోయింది", విప్పి మళ్లీ టంకం వేయాల్సిందే. అందుకే ముందు ఏది దేనికి కలపాలో కాగితం మీద గీసుకుని, తర్వాత మీటరు పట్టుకోండి.

జవాబు: మరి తడి వల్లో, టంకం వేసేటప్పుడు వాడి మిగిలిపోయిన ఫ్లక్స్ వల్లో కొంచెంకొంచెంగా కరెంటు దాటితే? అది బీప్‌కు దొరకదు, మెగాఓమ్ రేంజిలో (చాలా ఎక్కువ నిరోధాన్ని కొలిచేది) పెడితేనే అంకె కనిపించే అవకాశం ఉంది. దాన్ని కలిసింది అనలేం, నేనైతే "లీకవుతోంది" అంటాను.