అప్‌డేట్: సిగరెట్ మాని వేప్‌కి మారాలా అని అడిగింది నేనే

రెండు నెలల కిందట అడిగాను కదా, రోజుకి పన్నెండు సిగరెట్లు తాగుతున్నా, వేప్‌కి, అంటే ఈ-సిగరెట్‌కి, మారితే నయమా అని. మారలేదు. మన దేశంలో 2019 నుంచే ఈ-సిగరెట్ల అమ్మకం నిషేధమని మీలో ఒకరు చెప్పేదాకా నాకు తెలీదు. అయినా బుద్ధి ఊరుకోదుగా! బెజవాడలోనే ఒకడు దొంగచాటుగా చూపిస్తే కొనబోయాను. డబ్బా మీద తయారుచేసినవాడి పేరు లేదు, నికోటిన్ ఎంతుందో లేదు. వదిలేసి వచ్చా.

డాక్టరుగారు 2 మి.గ్రా. నికోటిన్ గమ్ రాశారు. మొదటి వారం బబుల్‌గమ్‌లా గబగబా నమిలేసి ఒకటే ఎక్కిళ్లు, గుండెమంట. అది అలా నమిలేది కాదట. మెల్లగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గన పెట్టి ఆపాలి. తగ్గాక మళ్లీ నమలాలి. వేసుకునే ముందు పావుగంట టీ, కాఫీ తాగకూడదు. అసలు చిక్కంతా అక్కడే. బెంజి సర్కిల్ దగ్గర టీ బండి ముందు నిలబడితే చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. ఇప్పుడు మజ్జిగకి మారాను. బండి బాబాయ్ అలిగాడు.

గమ్ మొదలెట్టి ఇవాళ్టికి 41 రోజులు. మధ్యలో బావమరిది పెళ్లిలో రెండు కాల్చాను, దాచను. మర్నాడే పొగాకు మానడానికి సాయం చేసే 1800-11-2356 క్విట్‌లైన్‌కి ఫోన్ చేశా, కాల్ ఉచితమే. గమ్‌లు రోజుకి ఎనిమిది నుంచి ఐదుకి దిగాయి.